వాక్యూమ్ క్లీనర్ బ్రష్ తిరగడం లేదా? ముందు కదురు చూడండి, తరవాత తాడు

విజయనగరంలో మా వీధిలో వాక్యూమ్ క్లీనర్ బ్రష్ ఆగిపోతే చాలామంది చేసేది ఒకటే. మోటారు పోయిందని అనేసుకుని, మెషీన్‌ని కొన్నప్పటి అట్టపెట్టెలోనే మళ్లీ సర్ది అటక ఎక్కించేస్తారు. నేనూ అదే చేయబోయాను. మా మెషీన్ కంపెనీ సర్వీసు సెంటరు విశాఖపట్నంలో ఉంది. ఇక్కణ్ణించి సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో మా చెల్లి వాళ్లకైతే 100 దాటుతుంది. ఒకరోజు సెలవు పెట్టి, బస్సులో మోసుకెళ్లి ఇచ్చి, మళ్లీ ఇంకోరోజు వెళ్లి తెచ్చుకోవాలి. అందుకని ముందు దగ్గర్లో ఉన్న ఒక రిపేరు షాపులో చూపించాను. ఆయన స్విచ్ వేసి, బ్రష్ కదలకపోవడం చూసి, "మోటారు పోయిందండీ, బ్రష్ ఉండే ఈ హెడ్ మొత్తం మార్చాలి" అన్నాడు. చెప్పిన ధర వింటే కొత్త మిక్సీ వచ్చేలా ఉంది.

ఇంటికి తెచ్చి, మనసొప్పక, ఆ రాత్రి రూపాయి బిళ్లతో బ్రష్ చివరి మూత తిప్పి ఊడదీశాను. మూత లోపల బేరింగు కనిపించలేదు. దాని చుట్టూ వెంట్రుకలు, చీర పోగులు, పూలదండలు కట్టే అరటినార కలిసి బిళ్లలా గట్టిపడి ఉన్నాయి. చిన్న చిమ్టాతో పట్టుకుని లాగితే ఒక్క ముక్క రాలేదు, జానెడు తాడులా వచ్చింది. అది వచ్చేశాక బ్రష్‌ని వేలితో తడితే నాలుగు చుట్లు తిరిగి ఆగింది. మోటారుకి ఏమీ కాలేదు.

మా అమ్మమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి సన్న నూలు వడికే ఇళ్లలో వాళ్లదీ ఒకటి. రాట్నం బరువెక్కితే ఆవిడ పెద్ద చక్రం జోలికే పోయేది కాదు. "ముందు కదురు సూడమ్మా, మరి తాడు సూడు" అనేది. కదురుకి, అంటే నూలు చుట్టుకునే సన్నటి పుల్లకి, పోగు చిక్కుకున్నా, దాన్ని తిప్పే తాడు వదులైనా రాట్నం పని చేయనని మొరాయిస్తుంది, చక్రంలో మాత్రం లోపం ఉండదు. వాక్యూమ్ బ్రష్‌లో కూడా ఉన్నవి అవే: తిరిగే రోలరు కదురు, దాన్ని తిప్పే బెల్టు తాడు, చక్రం స్థానంలో మోటారు. ఆ వరసలోనే చూద్దాం. డబ్బు ఖర్చు లేని పనులు ముందు, ఖర్చున్నవి తరవాత.

మీ బ్రష్ అసలు తిరిగే రకమేనా?

ఇది అడగాల్సిన ప్రశ్నే. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే, కింద చక్రాల డబ్బా, పొడవాటి గొట్టం ఉండే వాక్యూమ్‌లతో వచ్చే మామూలు ఫ్లోర్ బ్రష్ తిరగదు. దానికి వెంట్రుకల అంచు మాత్రమే ఉంటుంది. పైన కాలితో నొక్కే మీట నొక్కితే ఆ అంచు కిందికి దిగుతుంది, ఇంకోసారి నొక్కితే పైకి వెళ్తుంది. మధ్యలో గుండ్రటి రోలరు లేకపోతే తిరగడానికి అందులో ఏమీ లేదు, పాడవడానికీ ఏమీ లేదు.

రోలరు ఉంటే అది ఎక్కువగా నాలుగు రకాల్లో ఒకటి. ఆ డబ్బా వాక్యూమ్‌లకే విడిగా కొనుక్కునే టర్బో బ్రష్ మొదటిది. దానికి వైరు ఉండదు, మోటారు ఉండదు. లోపలికి పీల్చే గాలే ఒక చిన్న ఫ్యాను రెక్కల్ని తిప్పుతుంది, ఆ ఫ్యాను రోలర్ని తిప్పుతుంది. ఈమధ్య అందరూ కొంటున్న, చార్జింగుతో నడిచే కర్రలాంటి వాక్యూమ్‌లది రెండో రకం. వాటి హెడ్‌లోనే విడిగా చిన్న మోటారు ఉంటుంది. మెషీన్ చార్జింగుదై, పైపు అతుకుల దగ్గర మెరిసే రేకు పిన్నులు కనిపిస్తే మీది ఇదే. మూడోది నిలువుగా నిలబడే పెద్ద మెషీన్. అందులో ఎక్కువగా పీల్చే మోటారే బెల్టుతో రోలర్నీ తిప్పుతుంది. నాలుగోది రోబో. ఏ రకమో తెలియకుండా విప్పడం మొదలెడితే, లేని బెల్టు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

చెయ్యి పెట్టే ముందు

ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు. పక్కనున్న పిల్లాడు సరదాకి స్విచ్ వేస్తే చాలు, ఇరుక్కున్న రోలరు విడిపోయిన క్షణాన మీ వేళ్లు అక్కడే ఉంటాయి. చార్జింగు మెషీన్ అయితే బ్యాటరీ ఊడదీయండి. బ్యాటరీ ఊడని మోడల్ అయితే హెడ్‌ని పైపు నుంచి విడదీసి పక్కకి తెచ్చుకుని పని చేయండి. రోబోకి కిందో పక్కనో అసలు స్విచ్ ఉంటుంది, అది ఆపాలి.

పాత న్యూస్‌పేపరు పరిచి దాని మీద కూర్చోండి. కత్తెర, చిమ్టా, స్క్రూడ్రైవరు, రూపాయి బిళ్ల, పొడి పాతగుడ్డ, పాత టూత్‌బ్రష్ దగ్గర పెట్టుకోండి. స్క్రూలు వెయ్యడానికి ఒక చిన్న గిన్నె కూడా. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. రోలరు ఏ చివర ఏ పక్కకి ఉందో విప్పేటప్పుడు గుర్తుంటుందనే అనిపిస్తుంది, బిగించేటప్పుడు గుర్తుండదు.

పాడవకుండానే ఆగే సందర్భాలు

చాలా మెషీన్లలో బ్రష్‌కి విడిగా బటన్ ఉంటుంది. గచ్చు మోడ్‌లో పెడితే కొన్ని మోడళ్లు బ్రష్‌ని కావాలనే ఆపేస్తాయి, పీల్చడం మాత్రం నడుస్తుంది. నిలువు మెషీన్లలో చాలావాటికి పిడిని పూర్తిగా నిలబెట్టి ఉంచితే బ్రష్ తిరగదు. పిడిని వెనక్కి వంచితేనే మొదలవుతుంది. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు కూడా కొన్ని మోడళ్లలో ముందు ఆగేది బ్రష్షే. పూర్తిగా చార్జి చేసి చూడండి.

ఇంకోటి, ఓవర్‌లోడ్. దళసరి దుప్పటి అంచో, కర్టెన్ కుచ్చో బ్రష్‌లో చిక్కుకుని రోలరు బిగుసుకుంటే, మోటారు కాలిపోకుండా లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని ఆపేస్తుంది. లైటు ఎర్రగా వెలగడమో, మిణుకుమిణుకుమనడమో ఉంటుంది. అప్పుడు చిక్కుకున్నది తీసేసి, కరెంటు పూర్తిగా తీసి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ వెయ్యండి. కొన్ని మెషీన్లలో హెడ్ కింద చిన్న రీసెట్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కాలి. చిక్కు తియ్యకుండా స్విచ్ మళ్లీ మళ్లీ వేసేవాళ్లుంటారు. దయచేసి అలా చేయకండి. నిజంగా మోటారు కాలేది అప్పుడే.

వేలితో తిప్పి చూడండి

ఈ ఒక్క పరీక్షతో సగం సంగతి తెలిసిపోతుంది. హెడ్‌ని తిరగేసి రోలర్ని వేలితో నెమ్మదిగా తిప్పండి.

అస్సలు కదలకపోతేనో, బరువుగా గీరుకుంటూ కదిలితేనో కదురుకి చిక్కు పడింది. ఏ బరువూ లేకుండా గాలిపటం చరఖాలా గిరగిరా తిరిగి, వెనక ఏదీ పట్టినట్టు తెలియకపోతే బెల్టు తెగి ఉండొచ్చు. బెల్టు బాగుంటే రోలరుతోపాటు మోటారు ఇరుసు కూడా తిరగాలి కాబట్టి, చేతికి కొద్దిపాటి బరువు, ఒకోసారి చిన్న కుదుపులు తెలుస్తాయి. టర్బో బ్రష్ మాత్రం తేలిగ్గా తిరగడమే మంచిది, అది తిరిగినప్పుడు లోపలి ఫ్యాను రెక్కలు కూడా తిరుగుతున్నాయా అని బ్రష్ మీదున్న చిన్న కిటికీలోంచి చూడండి. తిప్పితే చేతికి అంతా సరిగ్గానే అనిపించి, కరెంటు వేస్తే మాత్రం తిరగకపోతే కరెంటు అందడంలో లోపం ఉంది. దాని గురించి కింద చెప్తాను.

కదురు: రోలరు విప్పి చిక్కు తీయడం

రోలర్ని పట్టుకునే ఏర్పాటు ఒక చివర ఉంటుంది. కొన్నింటికి బిళ్ల పట్టే గాడి ఉంటుంది, పావు చుట్టు తిప్పితే మూత వదులవుతుంది. కొన్నింటికి జరిపే గొళ్లెం ఉంటుంది. పాతవాటికి అడుగున ఉన్న పలకంతా స్క్రూలతో బిగించి ఉంటుంది. మూత తీశాక రోలర్ని ఆ చివర పట్టుకుని పక్కకి లాగితే వచ్చేస్తుంది. రాకపోతే బలం చేయకండి, ముందు బయటికి కనిపిస్తున్న చిక్కు కోసెయ్యండి.

కోయడానికి బ్లేడు వద్దు, కత్తెర చాలు. రోలరు మీద కుచ్చు వెంట్రుకల వరసల మధ్య పొడవునా ఒక గాడి ఉంటుంది. చుట్టుకున్న జుట్టుని ఆ గాడి వెంబడి ఒక చివరి నుంచి ఇంకో చివరికి కోసుకుంటూ పోండి. అప్పుడు అది చాపలా విడిపోతుంది, బ్రష్ వెంట్రుకలు తెగవు. కుట్లు విప్పడానికి దర్జీలు వాడే కొక్కెం పిన్ను ఇంట్లో ఉంటే దీనికి ఇంకా బాగుంటుంది.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. మధ్యలో కనిపించేది శుభ్రమైంది కదా అనుకుంటారు. అసలు చిక్కు ఉండేది రెండు చివర్లలో. రోలరు తిరిగేకొద్దీ జుట్టు మెల్లమెల్లగా పక్కలకి జరుగుతూ వెళ్లి, చివరి మూతకీ ఇరుసుకీ మధ్య సందులోకి దూరుతుంది. అక్కడ బేరింగు చుట్టూ బిగుసుకుంటుంది. చివరి మూత చేత్తో లాగితే వచ్చే రకమైతే దాన్ని ఊడదీసి చూడండి. మీరు అనుకోనంత వస్తుంది. చిమ్టాతో ఒక కొస దొరకబుచ్చుకుని, అది చుట్టుకున్న దిక్కుకి ఎదురుగా తిప్పుకుంటూ లాగండి.

మన ఇళ్లలో ఏం చుట్టుకుంటుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. జుట్టు ఎలాగూ ఉంటుంది. చీర అంచు జరీ పోగు సన్నగా ఉండి బేరింగులోకి అందరికంటే ముందు దూరుతుంది, పైగా తెగదు. అరటినార ఎండితే తీగలా గట్టిపడుతుంది. గోగునార పట్టాలు, గోనె పట్టాలు గుమ్మంలో వేసుకునే అలవాటు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉంది. గోగు పండే నేల ఇది. ఆ పట్టా మీద తిరిగే బ్రష్ ఒక్కసారి నడిపితే, ఊడిన నారంతా రోలరు మీదికి ఎక్కుతుంది. ఉద్దానం వైపు కొబ్బరిపీచు పట్టాలదీ ఇదే కథ. నార పట్టాల మీద బ్రష్ ఆపేసి నడపాలి, లేదా వాటిని బయటికి తీసుకెళ్లి దులుపుకోవాలి.

చిక్కు తీశాక రోలరు రెండు చివర్లూ వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. గరగరలాడితే బేరింగు అరిగింది. చివర ప్లాస్టిక్ నల్లగా, మెరుస్తూ, కరిగి చల్లారినట్టు ఉంటే రాపిడి వేడికి కరిగిపోయిందన్నమాట. అలాంటి రోలర్ని ఎంత శుభ్రం చేసినా మళ్లీ పట్టేస్తుంది, మార్చాల్సిందే. హెడ్ లోపల రోలరు కూర్చునే గూడు కూడా కరిగిందేమో చూడండి. కరిగితే కొత్త రోలరు ఒక్కటి కొని ప్రయోజనం లేదు.

కొబ్బరినూనె చుక్క వేద్దామా అని మా అత్తయ్య అడిగారు. తలుపు బందులకి వేసినట్టు వేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. వద్దు. ఆ నూనె దుమ్మును పట్టుకుని జిగురవుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, బెల్టు మీద పడితే బెల్టు జారిపోతుంది. చాలా రోలర్ల బేరింగులు మూసేసి ఉంటాయి, వాటికి నూనె అక్కర్లేదు. పొడిగుడ్డతో తుడవడమే వాటికి కావలసిన సేవ.

రోలరు కడగొచ్చా అంటే, మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో కడగొచ్చని రాసి ఉంటేనే కడగండి. అలా కడిగినా నీడలో 24 గంటలు ఆరాలి. వానాకాలంలో మన గాలి తడికి రెండు రోజులు పడుతుంది. మోటారు ఉన్న హెడ్‌ని మాత్రం ఏ పరిస్థితిలోనూ కుళాయి కింద పెట్టకండి.

తాడు: బెల్టు

బ్రష్ గాల్లో ఎత్తి పట్టుకుంటే తిరిగి, నేలకి ఆనించగానే ఆగిపోతోందా? బెల్టు సాగిపోయింది. రబ్బరు కాలిన వాసన వస్తోందా? బెల్టు జారుతోంది లేదా తెగబోతోంది. టకటకమని శబ్దం వస్తూ కుదుపుగా తిరుగుతోందా? పళ్ల బెల్టు అయితే పళ్లు అరిగాయి.

బెల్టు చూడాలంటే హెడ్ అడుగు విప్పాలి. వారంటీ ఇంకా ఉంటే ఇక్కడ ఆగండి. రోలరు బయటికి తీసి శుభ్రం చేయడం కంపెనీలే చేసుకోమంటాయి, స్క్రూలు విప్పితే మాత్రం వారంటీ పోయిందని అనొచ్చు. వారంటీ లేకపోతే నిశ్చింతగా విప్పండి. స్క్రూలు కొన్ని నక్షత్రం ఆకారంలో ఉంటాయి, వాటికి సరిపోయే బిట్టు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అన్ని స్క్రూలు తీశాక కూడా పలక రాకపోతే చిన్న చక్రాల కిందో, అతికించిన వెల్వెట్ పట్టీ కిందో ఇంకొకటి దాగి ఉంటుంది. గోరుతో తడిమి చూస్తే గుంట తగులుతుంది.

బెల్టులు రెండు రకాలు. ఒకటి నున్నగా, బల్లపరుపుగా, సాగే రబ్బరుది. ఇంకోటి లోపలివైపు పళ్లున్నది, అది సాగకూడదు. తెగిపోతే ముక్కలు రెండూ దాచుకోండి. బెల్టు మీద అచ్చేసిన నంబరు, మెషీన్ అడుగు స్టిక్కరు మీది మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. కొనేటప్పుడు ఆ రెండూ కలవాలి. వెడల్పు ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా, పళ్ల లెక్క ఒకటి తేడా ఉన్నా పని చేయదు. కుట్టుమిషన్ బెల్టు కోసి వెయ్యడం, సైకిల్ ట్యూబు ముక్క, కూరగాయల రబ్బరుబ్యాండు చుట్టడం నేను కళ్లారా చూశాను. అవి రెండు నిమిషాలు తిరిగి తెగుతాయి, లేదా మరీ బిగువై మోటారు ఇరుసును పక్కకి లాగేస్తాయి.

కొత్త బెల్టు వేసేటప్పుడు ముందు మోటారు వైపు సన్నటి ఇరుసుకి తగిలించండి, తరవాత రోలరు మీద బెల్టు గాడికి. రోలర్ని గూట్లో కూర్చోబెట్టి, మూత పెట్టక ముందే చేత్తో పది చుట్లు తిప్పండి. బెల్టు మెలి పడిందా, అంచుకి జరుగుతోందా అనేది ఈ పది చుట్లలో తెలుస్తుంది. మధ్యలో నిలిస్తే బిగించేయండి.

ఇంకో మాట. బెల్టు ఊరికే తెగదు. వయసయిపోయి తెగినవి కొన్నుంటాయి గాని, చాలా సందర్భాల్లో రోలరు చివర చిక్కు పడి బిగుసుకుంటే, మోటారు లాగుతూ ఉంటే మధ్యలో బెల్టు తెగుతుంది. చిక్కు అలాగే ఉంచి కొత్త బెల్టు వేస్తే అది కూడా వారంలో తెగుతుంది. మా అమ్మమ్మ కదురు ముందు చూడమన్నది ఇందుకే.

గాలితో తిరిగే టర్బో బ్రష్ అయితే

దీనికి కరెంటు లేదు కాబట్టి లోపం రోలర్లోనో బెల్టులోనో కాకపోతే ఎక్కువగా గాలిలో ఉంటుంది. బ్రష్ ఊడదీసి, మెషీన్ ఆన్ చేసి గొట్టం కొసకి అరచెయ్యి ఆనించండి. చెయ్యి గట్టిగా అతుక్కోవాలి. అతుక్కోకపోతే బ్రష్‌ని తప్పుపట్టకండి.

పిడి దగ్గర గాలి వదిలే చిన్న జారుడు మూత తెరిచి ఉందేమో ముందు చూడండి. కర్టెన్ల కోసం తెరిచి మర్చిపోతుంటాం. తరవాత దుమ్ము సంచి, ఫిల్టరు. సంక్రాంతి వెళ్లాక మా ఇంట్లో ఏటా ఇదే తంతు. వాకిట్లో, వరండాలో వేసిన ముగ్గుపిండిని వాక్యూమ్‌తో లాగేస్తే, ఆ మెత్తటి పిండి ఫిల్టరు రంధ్రాల్లో సున్నం పూసినట్టు పట్టేస్తుంది. డబ్బా సగం కూడా నిండదు, గాలి మాత్రం ఆగిపోతుంది. ముగ్గుపిండి చీపురుతోనే ఎత్తాలి. కడగొచ్చని రాసి ఉన్న ఫిల్టర్ని సబ్బు లేకుండా చన్నీళ్లలో కడిగి, నీడలో 24 గంటలు పూర్తిగా ఆరబెట్టండి. తడి ఫిల్టరు పెడితే ఆ తడి మోటారుకి చేరుతుంది. కాగితం రకం ఫిల్టర్లు, చాలా హెపా ఫిల్టర్లు కడగడానికి పనికిరావు. బయట దులిపి, అప్పటికీ గాలి రాకపోతే మార్చడమే.

గొట్టంలో అడ్డం ఉందో లేదో తెలుసుకోవడానికి పిల్లల గోళీ చాలు. మెషీన్ ఆపి, గొట్టం రెండు వైపులా విడదీసి, పై కొసలో గోళీ వేసి గొట్టాన్ని వంచుతూ జార్చండి. అవతల కొస నుంచి టక్కున పడితే దారి బాగుంది. ఎక్కడ ఆగిందో అక్కడే అడ్డం ఉంది. పొడవాటి కర్రకి గుడ్డ చుట్టి మెల్లగా తొయ్యండి. ఇనుపచువ్వ పెడితే గొట్టం చిల్లు పడుతుంది.

గాలి బాగానే ఉన్నా తిరగకపోతే బ్రష్ లోపలి ఫ్యాను ఇరుసుకి జుట్టు చుట్టుకుని ఉంటుంది. పై మూత తెరిచి దాన్ని తీసెయ్యాలి. అన్నీ సరిగ్గా ఉండి, తివాచీ మీద మాత్రమే ఆగుతుంటే మీరు గట్టిగా నొక్కుతున్నారు. టర్బో బ్రష్‌కి బలం తక్కువ, దాన్ని నేల మీద తేలిగ్గా నడపాలి.

కరెంటు అందుతోందా?

చార్జింగు మెషీన్లకి సంబంధించిన మాట ఇది. ముందు మధ్య పైపు తీసేసి హెడ్‌ని నేరుగా మెషీన్‌కి తగిలించి చూడండి. చాలా మోడళ్లలో అలా తగులుతుంది. తిరిగితే లోపం పైపులో ఉంది, హెడ్ బంగారం. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త హెడ్ కొనేసి, అది కూడా తిరగక తల పట్టుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

అతుకుల దగ్గర పిన్నులు చూడండి. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఆ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. లోపలివైపున్న మన ఊళ్లలో కూడా వర్షాకాలం తరవాత నల్లబడతాయి. బ్యాటరీ తీసేసి, పెన్సిలు చెరిపే రబ్బరుతో పిన్నుల్ని నాలుగుసార్లు రుద్దండి, రాలిన పొడిని పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇసుక కాగితం వద్దు, పైపూత లేచిపోయి రెట్టింపు వేగంగా చిలుము పడుతుంది. ఏదైనా పిన్ను లోపలికి కుంగిపోయి ఉంటే చిమ్టాతో కొంచెం బయటికి లాగండి.

హెడ్ మెడ దగ్గర, అటూ ఇటూ వంగే చోట, లోపల సన్నటి వైర్లుంటాయి. రోజూ వంగి వంగి అవి అక్కడే తెగుతాయి. ఒక కోణంలో పట్టుకుంటే తిరిగి, ఇంకో కోణంలో ఆగిపోతుంటే వైరు తెగిందని దాదాపు నిర్ధారించుకోవచ్చు. ఇంట్లో మల్టీమీటరు ఉంటే, బ్యాటరీ తీసేసి, బీప్ వచ్చే సెట్టింగులో పైపు ఈ కొస పిన్నుకీ ఆ కొస పిన్నుకీ పెట్టి చూడండి. బీప్ రాకపోతే మధ్యలో తెగింది. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే ఎవరైనా ఆ వైరు అతకగలరు. చోటు ఇదీ అని మీరు వేలు పెట్టి చూపిస్తే ఆ పని తేలిక.

రోలరు తేలిక, బెల్టు బాగు, పిన్నుల దగ్గర కరెంటు వస్తోంది, అయినా తిరగట్లేదు. అప్పుడు మోటారును అనుమానించాలి. చాలా హెడ్‌లలో ఉండే చిన్న మోటార్లలో కార్బన్లు ఉంటాయి, అవి అరిగిపోతే మోటారు తిరగదు. కొన్నాళ్లు హెడ్ మీద తడితే తిరిగి మళ్లీ ఆగడం దానికి గుర్తు. మోటారు విడిగా దొరికితే మార్పించండి, లేదంటే హెడ్ మార్చాలి. మెత్తటి గుడ్డలాంటి రోలరు ఉన్న కొన్ని హెడ్‌లలో మోటారు రోలరు లోపలే ఉంటుంది, బెల్టు ఉండదు. అలాంటివి విప్పే ప్రయత్నం మానుకోండి.

గోడ ప్లగ్గుతో నడిచే మెషీన్లలో కొన్నింటికి గొట్టం ద్వారా హెడ్ దాకా 230 వోల్టుల కరెంటు వెళ్తుంది. గొట్టంలో వైరు ఉన్న మెషీన్ అయితే రోలరు, బెల్టు చూడటంతో మీ పని అయిపోయింది. మిగతాది తెలిసినవాళ్ల చేతిలో పెట్టండి.

రోబోల సంగతి

మధ్య రోలరు తీసి, పైన చెప్పినట్టే రెండు చివర్లూ శుభ్రం చేయాలి. చాలావాటికి ఒక చివర చదరంగా ఉంటుంది, అదే గేరులో కూర్చునేది. అది లోపలిదాకా దిగకపోతే రోబో నడుస్తుంది గాని రోలరు తిరగదు. పక్కనుండే మూడు కాళ్ల చిన్న బ్రష్ ఆగితే స్క్రూ తీసి దాన్ని ఎత్తి చూడండి, కింద ఇరుసుకి జుట్టు ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది.

బిగించాక

ఫోటోలు చూసుకుంటూ బిగించండి. గిన్నెలో ఒక్క స్క్రూ మిగిలినా మళ్లీ విప్పండి. ఆన్ చేసేటప్పుడు కొంగు, జడ, లుంగీ అంచు దూరంగా ఉంచుకుని, హెడ్‌ని నున్నటి గచ్చు మీద పెట్టి అయిదు సెకన్లు నడిపి ఆపండి. శబ్దం ఒకే తీరుగా ఉండాలి. తరవాత ఒక చిటికెడు బియ్యపు నూక చల్లి దాని మీద నడిపితే బ్రష్ నిజంగా ఊడుస్తోందో లేదో కళ్ల ముందే కనిపిస్తుంది.

కాలిన వాసన ఇంకా వస్తుంటే, పొగ కనిపిస్తే, వైరు పైతొడుగు కరిగి ఉంటే, బ్యాటరీ ఉబ్బి ఉంటే అక్కడే ఆపెయ్యండి. ఉబ్బిన బ్యాటరీని చార్జికి పెట్టకండి, ఎండలో ఉంచకండి, చెత్తబండిలో వెయ్యకండి. సర్వీసు సెంటరుకే అప్పగించాలి. అక్కడికి వెళ్లే ముందు ఫోన్ చేసి హెడ్ ఒక్కటే తేవాలా, మెషీన్ మొత్తం తేవాలా అని అడగండి. ఏమేం చూశారో నాలుగు ముక్కల్లో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి: రోలరు శుభ్రం చేశాం, బెల్టు బాగుంది, పైపు లేకుండా తగిలించినా తిరగట్లేదు అని. వారంటీలో ఉన్నదాన్ని కూడా "మేం బాగుచెయ్యం" అని వాళ్లు మొండికేస్తే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

నేనైతే నెలకోసారి, ఆదివారం పొద్దున, రోలరు విప్పి చివర్లు చూస్తున్నాను. పది నిమిషాల పని. దసరా తరవాత మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చి వెళ్లాక, ఇంట్లో పెళ్లో వ్రతమో అయ్యాక మాత్రం నెల దాకా ఆగను. పూలదండల నార, చమ్కీలు, జడలకి పెట్టుకునే రబ్బర్లు ముందు చీపురుతో ఊడ్చేసి, ఆ తరవాతే మెషీన్ బయటికి తీస్తాను. గోగునార పట్టాని పెరట్లో దండెం మీద వేసి కర్రతో దులుపుతాను.